ఆదివారం ఫోన్‌లో మీరు ముందు ఏం అడుగుతారు?

ఆదివారం మధ్యాహ్నం. హాస్టల్ వరండాలో వార్డెన్ బల్ల మీద ఒక ఫోన్, దాని ముందు పిల్లల వరస. ఒక్కొక్కరికి పది నిమిషాలు అంటారు గానీ, వెనకాల ఉన్నవాడు భుజం తడుతుంటాడు కాబట్టి ఐదారు నిమిషాలకు మించి దొరకవు. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక కుర్రాడి వంతు వచ్చింది. అవతల నాన్న.

"ఆఁ నాన్నా, ఈ వారం టెస్టులో ఎంతొచ్చింది?"

"నూట నలభై రెండు."

"పోయిన వారం నూట అరవై ఎనిమిది కదా! ఎందుకు తగ్గింది?"

"మ్యాథ్స్‌లో..."

"మ్యాథ్స్‌లో ఏమైంది? సార్‌ని అడిగావా? డౌటుంటే అడగాలి గదరా. సెక్షన్ మార్చేస్తారేమో, జాగ్రత్త."

"అడుగుతా."

"సరే. అన్నం సరిగా తింటున్నావా?"

"ఆ, తింటున్నా."

ఫోన్ తర్వాతి కుర్రాడి చేతిలోకి వెళ్ళిపోయింది. ఆ నాన్న నాకు బాగా తెలిసినాయన. వారమంతా ఆ ఐదు నిమిషాల కోసమే ఎదురుచూసే మనిషి. నెల తర్వాత ఔటింగ్‌కి ఇంటికి తీసుకొచ్చినప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుంటే వేళ్ళ సందుల్లో పుండ్లు. గజ్జి. దాని దురద రాత్రిపూటే ఎక్కువ. అబ్బాయి నెల రోజులుగా అర్ధరాత్రి దాకా గోక్కుంటూ పడుకుంటున్నాడు, పొద్దున్నే స్టడీ అవర్‌లో కూర్చుని తూలుతున్నాడు. మార్కులు తగ్గింది అందుకు. పూతమందు రాయడం, గదిలో అందరికీ ఒకేసారి వైద్యం చేయించడం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించడం, వీటితో పోయే బాధ అది. "ఫోన్‌లో ఒక్క మాట చెప్పొచ్చు కదరా?" అని అడిగితే, "నువ్వు మార్కులు అడిగావు కదా నాన్నా" అన్నాడట.

మీ ఇంట్లో ఆ ఐదు నిమిషాలు ఎలా గడుస్తున్నాయి? పిల్లలు ఇంట్లోనే ఉంటే, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా మీ నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఏది?

పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లల మీద ఒత్తిడి ఎందుకుంటుందో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్, జేఈఈ, నీట్, వారం వారం టెస్టులు, ర్యాంకు లిస్టు. పైగా ఒంట్లో మార్పులు, స్నేహాల్లో గొడవలు, అద్దంలో ముఖం మీద మొటిమలు. ఇందులో చాలావాటిని మనం తీసెయ్యలేం. మన చేతిలో ఉన్నది ఒకటుంది: బాగోలేని సంగతిని పిల్లలు ముందుగా మనకే చెప్పుకోగలిగేలా ఉండటం. ఈ అధ్యాయంలో నేను చెప్పేవన్నీ దానికోసమే.

1. మొదటి ఐదు నిమిషాలు చదువు ఊసెత్తకండి

ఫోన్‌లో అయినా, ఎదురుగా అయినా. "ఎలా ఉన్నావు?" అని అడిగినా లాభం లేదు, "బానే ఉన్నా" అని వస్తుంది, అక్కడితో సరి. చిన్న చిన్న విషయాలు అడగండి. ఈ వారం టిఫిన్‌లో ఏది తినబుద్ధయింది? పక్క మంచం అబ్బాయి ఇంకా గురక పెడుతున్నాడా? బట్టలు ఆరుతున్నాయా, వాన పడుతోందా అక్కడ? రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది? ఇలాంటి ప్రశ్నకు "బానే" అని జవాబు చెప్పడం కుదరదు. ఏదో ఒకటి చెప్పాలి. ఆ చెప్పడంలో గొంతు ఎలా ఉందో వినండి.

మీ వైపు కబుర్లు కూడా చెప్పండి. గేదె ఈనిందనో, మేడ మీద ట్యాంకు కారుతోందనో, నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందనో. ఇల్లు తను లేకుండా ఆగిపోలేదని, తను వస్తే తన చోటు అక్కడే ఉందని పిల్లలకు ఇలాంటి మాటల్లోనే తెలుస్తుంది.

వాళ్ళు మాట్లాడుతూ మధ్యలో ఆగితే, మీరు ఆ ఖాళీని నింపెయ్యకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. అసలు మాట చాలాసార్లు ఏడో అంకె దగ్గరో ఎనిమిదో అంకె దగ్గరో బయటికొస్తుంది.

2. చెప్పగానే సలహా ఇవ్వకండి

ఈ తప్పు నేను చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక రాత్రి వంటింట్లోకి వచ్చి, గట్టెక్కి కూర్చుని, "నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీ అస్సలు ఎక్కట్లేదమ్మా" అంది. నేను చపాతీలు కాలుస్తున్నాను. తల తిప్పకుండానే, "రోజూ ఒక గంట కూర్చుంటే అదే వస్తుంది" అన్నాను. కాసేపు అలాగే కూర్చుంది. గ్లాసుడు నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. మళ్ళీ రెండు నెలల దాకా చదువు గురించి నా దగ్గర ఒక్క మాట ఎత్తలేదు. ఆ రెండు నెలలూ క్లాసులో వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంటోందని తర్వాత తెలిసింది.

అలాంటప్పుడు మన నోటికి అలవాటుగా వచ్చే జవాబులు నాలుగున్నాయి. "ఇంత చిన్నదానికేనా?" ఒకటి. "మీ అక్కకి ఎలా వచ్చింది మరి?" రెండోది. "ఆ ఫోన్ పక్కన పడేస్తే అన్నీ ఎక్కుతాయి" మూడోది. నాలుగోది చూడ్డానికి మంచిగానే ఉంటుంది: "ఏం కాదులే, నీకు వచ్చేస్తుంది." ఇది ధైర్యం చెప్పడం కదా, తప్పేముంది అంటారా? రాదేమోనని భయపడి వచ్చిన పిల్లకు వచ్చేస్తుంది అని చెబితే, ఆ భయాన్ని మనం విననట్టే. నాలుగు జవాబులకూ ఫలితం ఒకటే, మాట అక్కడితో ఆగిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? స్టవ్ కట్టెయ్యండి. అటు తిరగండి. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడగండి. పూర్తిగా చెప్పనివ్వండి. చెప్పడం అయ్యాక ఇంకో ప్రశ్న: "ఊరికే చెప్పుకోవాలనిపించిందా, నన్నేమైనా చెయ్యమంటావా?" ఎక్కువసార్లు మొదటిదే అయి ఉంటుంది. రెండోదైతే, ఏం చెయ్యాలో కూడా వాళ్ళనే చెప్పమనండి. ట్యూషన్ కావాలా, సార్‌తో మాట్లాడాలా, నాలుగు రోజులు ఆ సబ్జెక్టు పక్కన పెట్టాలా అన్నది వాళ్ళకే బాగా తెలుసు.

మగపిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళేటప్పుడు, మేడ మీద బట్టలు తీసేటప్పుడు, ఇద్దరి చూపూ వేరే పని మీద ఉన్నప్పుడు మాట్లాడతారు. వాడి ముఖం మీకు కనపడకపోవడమే వాడికి సౌకర్యం. పాలప్యాకెట్టుకని చెప్పి రోజూ ఓ పావుగంట ఇద్దరూ నడిచి వెళ్ళి రండి.

3. మార్కుల మెసేజ్ వచ్చినా, వాళ్ళు చెప్పేదాకా ఆగండి

ఇప్పుడు చాలా కాలేజీల్లో టెస్టు మార్కులు తల్లిదండ్రుల ఫోన్‌కే ముందు వస్తున్నాయి. పిల్ల ఇంకా బస్సులో ఉండగానే ఇంట్లో ముఖాలు మాడిపోయి ఉంటాయి. చెడు వార్తను తన నోటితో చెప్పే అవకాశం పిల్లకు మనమే లేకుండా చేస్తున్నాం. తను చెప్పే వరకు మీకు తెలిసినట్టు కనపడకండి. అన్నం పెట్టండి. రాత్రికి చెబుతుంది, లేదా మర్నాడు చెబుతుంది. చెప్పినందుకు తిట్లు పడవని రెండుసార్లు చూస్తే, మూడోసారి గుమ్మంలోనే చెబుతుంది.

చెప్పాక ఇద్దరూ కలిసి పేపరు ముందేసుకోండి. మొత్తం మార్కుల జోలికి పోకుండా, పోయిన మార్కుల్ని మూడు కుప్పలు చెయ్యండి: తెలిసీ తప్పు చేసినవి, తెలియక వదిలేసినవి, టైము చాలక ముట్టుకోనివి. ఒక్కో కుప్పకు ఒక్కో మందు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు మూడు గంటలు, అంటే ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా లేవు. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. అలాంటి పరీక్షలో రాత్రి నిద్ర లేని పిల్లలకు మొదటి కుప్పే పెద్దదవుతుంది. వాళ్ళకు కావలసింది ఇంకో గంట చదువు కాదు, ఇంకో గంట నిద్ర.

ఈ పని వారానికి ఒక్కసారి చాలు. మిగతా ఆరు రోజులు మార్కుల మాట వద్దు.

4. నిద్ర లెక్క చూడండి

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మీ పిల్లల టైంటేబుల్ ఒక కాగితం మీద రాసి కూడి చూడండి. పదకొండుకు పడుకుని ఐదుకు లేస్తే ఆరు గంటలు. వారానికి కనీసం పద్నాలుగు గంటల అప్పు. ఆదివారం మధ్యాహ్నం దాకా లేవకపోతే బద్ధకమని తిడతాం గానీ, ఆ అప్పులో కాస్త తీరుస్తున్నారంతే.

ఈ వయసులో నిద్ర వచ్చే వేళ కూడా సహజంగానే వెనక్కి జరుగుతుంది. తొమ్మిదికే పడుకోమంటే వాళ్ళకు నిద్ర పట్టదు. మీ చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివారేమో, అందరికీ అదే పడాలని లేదు. రాత్రి చదివే పిల్లను రాత్రి చదవనివ్వండి, పొద్దున ఇంకో గంట పడుకోనివ్వండి. సాయంత్రం దాటాక టీ, కాఫీ ఇవ్వకండి. రాత్రి పదకొండింటికి ప్రేమగా చేసిచ్చే టీ వాళ్ళ నిద్రను చెడగొడుతుంది.

ఫోన్ల సంగతి ఒక్క మాటలో: అందరి ఫోన్లూ రాత్రి హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టండి. మీది కూడా.

5. డబ్బు మాట వాళ్ళ నెత్తిన పెట్టకండి

"నీ కోసం పొలం తాకట్టు పెట్టాం." "నాన్న ఈ నెల చీటీ పాడి ఫీజు కట్టారు, తెలుసా?" ఇవి అబద్ధాలు కావు. వీటి వెనక కష్టం ఉంది, ప్రేమ ఉంది. పిల్లలు బాధ్యతగా చదువుతారని చెబుతాం. వాళ్ళకు వినపడేది వేరు. ప్రతి టెస్టులో పోయిన ప్రతి మార్కూ నాన్న అప్పులోకి లెక్క కడతారు. ఒక అమ్మాయి హాస్టల్లో నెలసరి నొప్పితో రెండు రోజులు మెలికలు తిరిగి కూడా ఇంటికి చెప్పలేదు. ఎందుకని అడిగితే, "డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మళ్ళీ ఖర్చు కదా" అంది. పదహారేళ్ళ పిల్ల.

ఇంటి ఆర్థిక పరిస్థితి దాచమని నేననడం లేదు. దాస్తే వాళ్ళకెలాగూ తెలుస్తుంది. ఒకసారి, ఉన్నదున్నట్టు, కోపంలో కాకుండా చెప్పండి: "ఇంత ఫీజు కట్టాం, ఇలా సర్దుకున్నాం. కట్టడం మా పని. నువ్వు చదువుకో. ఒకవేళ అనుకున్న సీటు రాకపోయినా ఈ డబ్బు నువ్వు తీర్చాల్సిన అప్పు కాదు." చివరి వాక్యం మర్చిపోకండి. అది చెప్పకపోతే ముందువన్నీ బరువే.

6. బంధువుల ప్రశ్నకు మీరు అడ్డం నిలబడండి

పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో ఒకరు "ఏరా, ఎన్నొచ్చాయి?" అంటారు. పిల్లాడు నోరు తెరిచేలోపు మీరే అందుకోండి: "చదువుకుంటున్నాడు బాబాయ్. రండి, వడ్డిస్తున్నారు." అంతే. మా నాన్న నా వైపు ఉన్నాడని ఆ ఒక్క మాటతో వాడికి తెలుస్తుంది. వాట్సాప్ స్టేటస్‌లో మార్కులు పెట్టే అలవాటుంటే మానుకోండి. బాగా వచ్చినప్పుడు పెట్టి, రానప్పుడు పెట్టకపోతే, ఆ తేడా ముందుగా కనపడేది మీ పిల్లలకే.

7. "ఇంటికి వచ్చేస్తా" అంటే ముందు మీరు వెళ్ళండి

హాస్టల్లో చేరిన మొదటి రెండు మూడు వారాలు చాలామంది పిల్లలు ఏడుస్తారు. అది ఇంటి మీద బెంగ. ఫోన్‌లో మన గొంతు వినగానే ఎక్కువవుతుంది, మెల్లగా తగ్గుతుంది. కానీ నెల దాటినా తగ్గకపోతే? బాగానే ఉన్న పిల్ల మధ్యలో ఉన్నట్టుండి అంటే? "అందరూ ఉంటున్నారు, నీకేమైంది, కొన్నాళ్ళు ఓర్చుకో" అనడం మనకు తేలిక. ఆ మాట అనకండి. "శనివారం వస్తున్నా" అనండి. అన్నాక వెళ్ళండి.

వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కాకుండా, పిల్లల గదిలోకి వెళ్ళి చూడండి. పక్క మంచాల పిల్లల్ని పలకరించండి. పిల్లను బయటికి తీసుకెళ్ళి ఇష్టమైనది తినిపించి, నెమ్మదిగా అడగండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఎవరైనా కొట్టారా? ఒంటి మీద చెయ్యి వేశారా? సెక్షన్ మార్చారా? ఈ ప్రశ్నలు అడగడానికి మనకు మొహమాటం. చెప్పడానికి వాళ్ళకు అంతకు పదింతల మొహమాటం. కాబట్టి మొదలుపెట్టాల్సింది మనమే.

కాలేజీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు మీకు ఒక సంగతి తెలిసి ఉండాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడాడు. ఆ కేసులో 2025 జూలై 25న కోర్టు తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్ళకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో సిగ్గుపరచడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానాలి. "మీ కౌన్సెలర్ ఎవరండీ? ఏ రోజుల్లో ఉంటారు? ఒకసారి కలవొచ్చా?" అని అడగడం మీ హక్కు. ఫీజు కట్టే రోజునే అడగండి. ఆ రోజు జవాబు త్వరగా వస్తుంది.

అన్నీ చూశాక అక్కడ ఉంచడం మంచిది కాదనిపిస్తే తీసుకొచ్చెయ్యండి. కట్టిన ఫీజు పోతుంది. పోనివ్వండి. ఇంటి దగ్గర కాలేజీలో చదివి సీట్లు తెచ్చుకున్న పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

8. పరీక్షకు ముందు రాత్రి

హాల్‌టికెట్టు, పెన్నులు, నీళ్ళ సీసా తొమ్మిదింటికల్లా సంచీలో సర్దించండి. కొత్త చాప్టర్ ముట్టుకోవద్దు. రోజూ తినేదే పెట్టండి, పెరుగన్నంతో ముగించండి. గుండె దడదడలాడుతోందంటే పక్కన కూర్చుని మీరూ కలిసి ఊపిరి తియ్యండి: నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఓ పదిసార్లు. పరీక్ష రాసి వచ్చాక ఇంట్లో ఎవరూ "కీ" ముందేసుకుని కూర్చోవద్దు. మర్నాడు ఇంకో పేపరుంది.

9. రిజల్ట్స్ రోజుకు ముందే మాట ఇవ్వండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫలితాలకు వారం ముందు, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చెప్పండి: "ఎన్నొచ్చినా ఆ రోజు సాయంత్రం మనం కలిసే భోంచేస్తాం. ఫెయిలైతే ఏం చెయ్యాలో మాకు తెలుసు." నిజంగానే తెలుసుకుని ఉండండి. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, దిద్దిన జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. ఇంటర్ తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి, ఆ ఏడాదే డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరొచ్చు. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది, రెండింట్లో మంచి స్కోరే లెక్కలోకి వస్తుంది. నీట్ మళ్ళీ వచ్చే ఏడాది ఉంది. ఇవన్నీ పిల్లలకు తెలిసినట్టే ఉంటుంది గానీ, ఆ క్షణంలో ఒక్కటీ గుర్తురాదు. గుర్తుచెయ్యడానికి పక్కన మనిషి ఉండాలి.

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే, తెలుగులో 99 మార్కులు రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఫెయిలైన వాళ్ళ పేపర్లన్నీ మళ్ళీ చూసినప్పుడు వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ సంవత్సరం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. తెర మీద ఫెయిల్ అని కనపడితే అదే తుదిమాట కాదని, ఆ మాట నిజమే అయినా దాని తర్వాత దారి ఉందని, ముందుగానే, పదే పదే పిల్లలకు చెప్పి ఉంచండి.

ఆ రోజు సెలవు పెట్టండి. పిల్లను ఒంటరిగా వదలకండి. ఫలితం ఎలా ఉన్నా, రాత్రి ఒకసారి లేచి గదిలోకి తొంగి చూడండి.

10. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

పరీక్షల ముందు చిరాకు, తలనొప్పి, ఆకలి తగ్గడం మామూలే. పరీక్ష అయిపోగానే తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా వీటిలో కొన్ని కలిసి కనపడితే ఇక మీనమేషాలు లెక్కపెట్టకండి: నిద్ర బొత్తిగా పట్టకపోవడం లేదా రోజంతా పడుకోవడం, ఇష్టమైన ఆటలూ స్నేహితులూ అన్నీ వదిలెయ్యడం, ఊరికే కన్నీళ్ళు, చేతుల మీద గీతలు, కాలిన మచ్చలు, దాచుకోవడానికి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచెయ్యడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు.

అలాంటి మాట విన్నప్పుడు చాలామంది "ఛ, నోర్ముయ్, అవేం మాటలు?" అంటారు. భయంతో అంటారు. దానితో ఆ మాట బయట ఆగిపోతుంది, లోపల ఆగదు. నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి. పుట్టదు. ఒంటరిగా మోస్తున్న బరువు కాస్త దిగుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి, దేవుడి మీద ప్రమాణాలు అడగకండి. దగ్గరికి తీసుకోండి. పక్కనే ఉండండి. ఇంట్లో పురుగుమందులు, ఎక్కువగా ఉన్న మాత్రలు అందకుండా చెయ్యండి. ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

ఎక్కడికి వెళ్ళాలి? బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ఇందుకోసమే ప్రభుత్వాసుపత్రులున్నాయి. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారని తెలిస్తే రేపు పిల్లకు పెళ్ళవుతుందా?" అని ఒక తల్లి నన్ను అడిగింది. జ్వరమొస్తే తీసుకెళ్తాం, పన్ను నొప్పికి తీసుకెళ్తాం. ఇదీ నొప్పే అని చెప్పాను. తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఇంటి దగ్గర డాక్టర్ లేకపోయినా, అర్ధరాత్రి అయినా, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలు చెయ్యొచ్చు, పిల్లల గురించి మీరు చెయ్యొచ్చు, మీకే తట్టుకోలేనట్టుంటే మీ కోసం కూడా చెయ్యొచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే 1098.

ఈ పుస్తకం పక్కన పెట్టి, ముందు ఆ రెండు నంబర్లూ మీ ఫోన్‌లో ఎక్కించుకోండి. పిల్లలు హాస్టల్లో ఉంటే వాళ్ళ రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో మీ చేత్తో రాసివ్వండి. వాటి పైన మీ నంబరు రాయండి, ఏ వేళలోనైనా చెయ్యమని రాయండి.